ఏటీఎక్స్ బ్రేకౌట్ బోర్డు: పాత ఎస్‌ఎంపీఎస్‌తో బెంచ్ సప్లై

మూలన పడి ఉన్న ఎస్‌ఎంపీఎస్‌ను (కంప్యూటర్‌లోని ఏటీఎక్స్ రకం పవర్ సప్లై డబ్బాను) బెంచ్ సప్లైగా, అంటే సర్క్యూట్లు పరీక్షించేందుకు బల్ల మీద వాడే సప్లైగా మార్చాలంటే డబ్బా విప్పి, వైర్లు కోసి, రేకుకు రంధ్రాలు వేసి టెర్మినళ్లు బిగించాలనుకుంటారు చాలామంది. ఆ పని మానేసి 24 పిన్ బ్రేకౌట్ బోర్డు కొనుక్కోమనే చెబుతాను. ప్లగ్ తీశాక కూడా డబ్బా లోపలి పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా డీసీ నిలిచి ఉండొచ్చు. బోర్డు ఉంటే దాని జోలికే పోనక్కర్లేదు.

ఎస్‌ఎంపీఎస్ 24 పిన్ కనెక్టర్‌ను ఈ బోర్డుకు గుచ్చితే చాలు, 3.3, 5, 12, మైనస్ 12 వోల్టులు విడివిడి టెర్మినళ్లకు వస్తాయి. బోర్డు మీది స్విచ్ చేసే పని ఆకుపచ్చ వైరును (ఆన్ చేసే సిగ్నల్) నలుపుతో (గ్రౌండ్) కలపడమే. స్విచ్ ఆపినా ఊదా రంగు వైరులో 5 వోల్టుల స్టాండ్‌బై ఉంటూనే ఉంటుంది, అది మరిచిపోవద్దు. కొన్ని పాత బ్రాండెడ్ పీసీల సప్లైలలో కనెక్టర్ అదే అయినా పిన్నుల వరుస వేరు. గుచ్చే ముందు వైర్ల రంగులు సరిచూసుకోవాలి.

చాలా బోర్డుల్లో ఉండని ముఖ్యమైన భాగం డమ్మీ లోడ్, అంటే ఎప్పుడూ కొంత కరెంటు తీసుకుంటూ ఉండేందుకే పెట్టే రెసిస్టర్. పాత ఎస్‌ఎంపీఎస్‌లలో 5, 12 రెండూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వస్తాయి, రెంటి వోల్టేజీనీ కలిపి ఒకే ఫీడ్‌బ్యాక్ సర్క్యూట్ అదుపు చేస్తుంది. 5 మీద లోడేమీ లేకుండా 12 మీద మోటారు పెడితే 12 కిందికి జారుతుంది, 5 పైకి ఎక్కుతుంది. కొన్నయితే లోడ్ లేకపోతే అసలు ఆన్ కావు. 5 వోల్టులకూ గ్రౌండుకూ మధ్య 10 ఓం, 10 వాట్ల సిరామిక్ రెసిస్టర్ పెట్టండి. అర ఆంపు తీసుకుంటుంది, 2.5 వాట్ల వేడి వస్తుంది కాబట్టి ప్లాస్టిక్‌కు తగలనివ్వొద్దు. లోడ్ పెట్టి మీటర్‌తో చూస్తే 12 లైను 11.4, 12.6 మధ్య ఉండాలి. ఇంకా జారుతుంటే 5 ఓం పెట్టి చూడండి. లోపల డీసీ టు డీసీ కన్వర్టర్లున్న కొత్త సప్లైలకు ఈ బాధ ఉండదు.

నాకు నచ్చనిది ఫ్యూజుల సంగతి. ఎక్కువ బోర్డుల మీద 5 ఆంపుల పాలీఫ్యూజులు (వేడెక్కితే కరెంటును అడ్డుకుని, చల్లారాక మళ్లీ పనిచేసే ఫ్యూజులు) ఉంటాయి. 5 ఆంపులు అంటే అంతవరకు ట్రిప్ కాదని అర్థం. నమ్మకంగా ట్రిప్ కావడానికి దాదాపు రెట్టింపు కరెంటు పోవాలి, అప్పుడు కూడా అది వేడెక్కేదాకా కొన్ని సెకన్లు పడుతుంది. ఆలోపు బ్రెడ్‌బోర్డు వైరు ఇన్సులేషన్ కరుగుతుంది, ఐసీ పోతుంది. ఎస్‌ఎంపీఎస్ సొంత ప్రొటెక్షన్ మీద ఆశ పెట్టుకోవద్దు: సన్న వైరు రెసిస్టెన్స్ వల్ల ఆ కరెంటు దాని హద్దు దాకా పోకపోవచ్చు. చిన్న సర్క్యూట్లకు టెర్మినల్ తర్వాత 500 మిల్లీఆంపుల లేదా 1 ఆంపు ఫాస్ట్ గ్లాస్ ఫ్యూజును హోల్డర్‌తో వేసుకోవడం తప్పనిసరి అంటాను. షార్ట్ అయి ఎస్‌ఎంపీఎస్సే ఆగిపోతే, ముందు షార్ట్ తీసేసి, స్విచ్ ఆపి కొన్ని సెకన్లాగి మళ్లీ వేయాలి.

నల్ల వైరు ఎస్‌ఎంపీఎస్ డబ్బా లోపల మెయిన్స్ ఎర్త్‌కు కలిసి ఉంటుంది. ఆసిలోస్కోప్ గ్రౌండ్ క్లిప్‌దీ అదే ఎర్త్ కాబట్టి, దాన్ని 12 వోల్టుల మీద పెడితే నేరుగా షార్టే. 24 వోల్టుల కోసం రెండు ఎస్‌ఎంపీఎస్‌లను సిరీస్‌లో కలపబోయినా ఇదే జరుగుతుంది. 12, మైనస్ 12 మధ్య 24 దొరుకుతుంది గానీ చాలావాటిలో మైనస్ లైను ఇచ్చేది అర ఆంపుకు అటూఇటూగానే, ఆప్‌ఆంప్‌లకు (సిగ్నల్‌ను పెంచే చిన్న ఐసీలకు) సరిపోతుంది.

వేరే వోల్టేజీ కావాలంటే 12 మీద ఎల్‌ఎం2596 బక్ మాడ్యూల్ (వోల్టేజీని తగ్గించి ఇచ్చే చిన్న బోర్డు) పెట్టుకోవచ్చు, 2 ఆంపులు దాటకుండా. లిథియం బ్యాటరీలు చార్జ్ చేయడానికి మాత్రం కరెంట్ లిమిట్ ఉన్న అసలు బెంచ్ సప్లైనో, సరైన చార్జరో కొనుక్కోండి.