ఈల్ ఓ జెగ్రెట్: పిల్లల్ని తీసుకెళ్ళాల్సిన బల్లుల లంక

మారిషస్‌లో పిల్లలతో ఒక పూట ఖాళీ దొరికితే బీచ్ మానుకుని ఈల్ ఓ జెగ్రెట్‌కి వెళ్ళండి. ఆగ్నేయ తీరంలో, మాహేబూర్ దగ్గర, ఒడ్డుకి కిలోమీటరైనా లేని 26 హెక్టార్ల పగడపు సున్నపురాయి లంక ఇది. ప్వాంట్ జెరోమ్ నుంచి పడవలో కొద్ది నిమిషాలే. మారిషియన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ వాళ్ళు గైడ్‌తో నడిపిస్తారు, ఎవరికి వాళ్ళు తిరగడానికి లేదు.

మా పాపకి ఏడేళ్ళు. గోడ మీద బల్లి ఉందంటే ఆ గదిలో అడుగు పెట్టదు. బల్లి మీద పడితే తలస్నానం చేయడం, పంచాంగం తీసి ఫలితం వెతకడం చూస్తూ పెరిగింది మరి! ఇక్కడ గైడమ్మాయి ఓ చెట్టు దగ్గర ఆగి, మాట్లాడకుండా ఆకు వైపు వేలు చూపించింది. నీలం కలిసిన ఆకుపచ్చ ఒళ్ళు, దాని మీద ఎర్రెర్రటి చుక్కలు. ఆర్నేట్ డే గెక్కో అట, పట్టపగలే తిరుగుతుంది, పూల తేనె నాకుతుంది. రెప్పలు లేవు కాబట్టి కళ్ళని నాలుకతో తుడుచుకుంటుంది. అలా తుడుచుకోవడం చూశాక పాప నా చెయ్యి వదిలేసి ముందుకెళ్ళింది. మామూలు తేనె కంటే రంగున్న తేనే ఈ బల్లులకి ఇష్టమని పరిశోధకులు 2006లో పరీక్షించి చూపించారు. మారిషస్ జాతీయ పుష్పంలో తేనె ఎర్రగానే ఉంటుంది.

మారిషస్ బల్లుల్లో బాగా చిన్నదైన లెస్సర్ నైట్ గెక్కో ఈ నడకలో కనిపించదు. కానీ గైడ్ దాని కథ ఎంత బాగా చెప్పిందో! ఒకప్పుడు మారిషస్ అంతటా ఉండే ఈ జాతి బల్లులు ఇప్పుడు చుట్టుపక్కల చిట్టి లంకల్లోనే మిగిలాయి. 2020లో వకాషియో ఓడ నుంచి చమురు ఒలికినప్పుడు, జాతి అంతరించకుండా ముప్పై బల్లుల్ని విమానంలో ఇంగ్లిష్ ఛానెల్‌లోని జెర్సీ దీవిలో ఉన్న జూకి పంపారు. ఇక్కడి నేల నుంచి వీటిని తరిమినవాటిలో ఎలుకలతో పాటు ఆసియా నుంచి ఓడల్లో వచ్చిన ఇంటి బల్లి కూడా ఉంది.

"మన బల్లేనా?" అంది పాప. "అదే. మీ ఇంట్లో ఉంటే దాని తప్పేం లేదు, ఇక్కడికి రావడమే చిక్కు" అంది గైడ్. ఏడేళ్ళ పిల్లకి ఇంత సూటిగా చెప్పడం నాకు చాలా నచ్చింది.

గులాబి పావురాలు, పెద్ద తాబేళ్ళు కూడా ఉన్నాయి, అందరూ ఫోటోలు తీసేది వాటినే. మీరు మాత్రం ఆకుల మీద చూపు ఉంచండి. నేల రాళ్ళమయం, చెప్పులు కాకుండా బూట్లు వేయించండి. నీళ్ళు, టోపీ తప్పనిసరి. టికెట్ డబ్బు ఈ జీవుల సంరక్షణకే వెళ్తుంది, ఖరీదని వెనకాడకండి.