యూబీఐఎఫ్‌ఎస్ సెక్యూరిటీ లేబుళ్లు: నాలుగు నెలలు వాడాక

కోఠి గుజరాతీ గల్లీలో కొన్న 256 ఎంబీ నాండ్ (ఫ్లాష్ మెమరీ) బోర్డు మీద ఎస్ఈలినక్స్ (ఫైళ్లకున్న లేబుళ్లను బట్టి ఏ ప్రోగ్రామ్ ఏది తాకాలో తేల్చే లినక్స్ భద్రతా వ్యవస్థ) నడపాలని నా పంతం. మొదట్లో ఏ ఫైల్ చూసినా ఒకటే లేబుల్. ఏ ప్రోగ్రామ్ ఏ ఫైల్ తాకాలో విడదీసి చెప్పే దారే లేదు. కెర్నల్‌లో (లినక్స్ మూల భాగంలో) యూబీఐఎఫ్‌ఎస్ అనే ఫ్లాష్ ఫైల్ సిస్టమ్ తాలూకు సెక్యూరిటీ ఆప్షన్ ఆన్ చేసి మళ్లీ బిల్డ్ చేశా. కొత్త ఫైల్ పుడుతూనే లేబుల్‌తో వస్తోంది! పాతవాటికి మాత్రం రిస్టోర్‌కాన్ (లేబుళ్లు వేసే కమాండ్) నడపాల్సిందే.

రాతలు జరుగుతుండగా పదిసార్లు ప్లగ్ పీకేశాను, టెన్షన్‌గానే. ఒక్క లేబుల్ కూడా చెదరలేదు. లోటల్లా, ప్రతి లేబుల్‌కూ విడిగా ఒక ఐనోడ్ (ఫైల్ వివరాలు దాచే రికార్డు) పడుతుంది. చిన్న ఫ్లాష్‌లో ఆ జాగా తేడా తెలుస్తుంది. జేఎఫ్‌ఎఫ్‌ఎస్2 అనే పాత ఫ్లాష్ ఫైల్ సిస్టమ్‌కి 2006లోనే వచ్చిన సౌకర్యం ఇది. నాండ్ బోర్డులతో పనిచేసేవాళ్లు తప్పకుండా ఆన్ చేసుకోండి.