కొలరాడో అవలాంచ్ కేంద్రం ఫీల్డ్ రిపోర్టులు: ప్రమాదపు అంకె చెప్పని సంగతులు

కొలరాడో రాష్ట్ర సహజ వనరుల శాఖలో భాగమైన కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ చలికాలం పొడుగునా ప్రతిరోజూ సాయంత్రం నాలుగున్నర గంటలకల్లా మర్నాటి అవలాంచ్ (కొండ వాలు మీద మంచు చరియ తెగి జారిపడటం) సూచనను వెలువరిస్తుంది. ఒకటి (తక్కువ ప్రమాదం) నుంచి ఐదు (అతి తీవ్రం) దాకా అంకె, ఆకుపచ్చ నుంచి నలుపు దాకా రంగు ఉండే ఆ సూచనను మంచుకొండల్లోకి వెళ్లేవాళ్లలో చాలామంది చూస్తారు. అయితే చూసేది ఆ అంకె వరకే. నేను ఇక్కడ సమీక్షించదలచుకున్నది దాని పక్కనే ఉండే ఫీల్డ్ రిపోర్టుల విభాగాన్ని. బ్యాక్‌కంట్రీ (రిసార్టుల బయటి కొండల్లో తిరిగే) స్కీయర్లు, మంచు మీద నడిచే మోటారు బండి అయిన స్నోమొబైల్ నడిపేవాళ్లు, కేంద్రం సొంత నిపుణులు కొండ మీద తాము కళ్లారా చూసిన మంచు చరియల వివరాలను ఫొటోలతో సహా అందులో నమోదు చేస్తారు. చదవడానికి గానీ రాయడానికి గానీ రుసుము లేదు.

ఈ విభాగం విలువ తెలియాలంటే కొలరాడో మంచు స్వభావం కొంత తెలియాలి. సముద్రానికి దూరంగా, ఎత్తుగా, పొడిగా ఉండే ఈ పర్వతాల మీద అక్టోబరు, నవంబరు నెలల్లో పడిన పలుచని మంచు నీడ వాలుల మీద కరగకుండా నిలిచిపోతుంది. నేల వెచ్చదనానికీ పైనున్న గాలి చలికీ మధ్య తేడా ఎక్కువగా ఉండటంతో ఆ రేణువులు ఒకదాన్నొకటి పట్టుకునే గుణం పోగొట్టుకుని పంచదార పలుకుల్లా విడివడిపోతాయి. తర్వాత వచ్చే తుపానులు, ఈదురుగాలులు దాని మీద బరువైన పలకను పేరుస్తాయి. ఆ పలక వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి కదలకుండా ఉండి, చివరికి ఒక్క మనిషి బరువుకు తెగిపోవచ్చు. సూచనల్లో పర్సిస్టెంట్ స్లాబ్ అని రాసేది ఈ సమస్యనే. 1950 నుంచి ఉన్న లెక్కల ప్రకారం అమెరికాలో అవలాంచ్ మరణాలు అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువగా నమోదైన రాష్ట్రం కొలరాడో. 2020-21 చలికాలంలో దేశం మొత్తం మీద 37 మంది చనిపోగా, వారిలో 12 మంది ఈ రాష్ట్రంలోనే ప్రాణాలు కోల్పోయారు.

ఇటువంటి పొర కింద దాగి ఉన్నప్పుడు ప్రమాదపు అంకె రెండుకూ మూడుకూ మధ్య రోజుల తరబడి ఊగిసలాడుతుంది. రెండో స్థాయిలో మనిషి వల్ల చరియ తెగే అవకాశం ఉంటుంది, మూడో స్థాయిలో ఆ అవకాశం బాగా ఎక్కువ. ఈ రెండు మాటలతో ఫలానా వాలు మీదికి వెళ్లాలా వద్దా అన్నది తేలదు. ఏ దిక్కు వాలులు తెగుతున్నాయి, చెట్ల వరుసకు (చెట్లు పెరగడం ఆగిపోయే ఎత్తుకు) పైనా కిందా, తెగినవి ఎంత పెద్దవి, వాటిని కదిలించింది ఎవరు, ఎక్కడ నిలబడి కదిలించారు అన్న ప్రశ్నలకు జవాబు ఫీల్డ్ రిపోర్టుల్లోనే దొరుకుతుంది. అందుకే సూచన కంటే ముందు వీటిని చదవడం మేలని నా అభిప్రాయం. ముందు గత వారం రోజుల పరిశీలనలు చదివి, ఆ తర్వాత అంకెను చూస్తే ఆ అంకె ఎందుకు పడిందో అర్థమవుతుంది.

వీటిలో చరియల వివరం పొట్టి సంకేతాలలో ఉంటుంది. ఉదాహరణకు ఈశాన్య దిక్కు, చెట్ల వరుసకు పైన అని రాసి, ఆ పక్కన ఎస్‌ఎస్, ఎఎం, ఆర్, డి2, ఓ అనే గుర్తులు ఉన్నాయనుకుందాం. ఎస్‌ఎస్ అంటే మెత్తని పలక. ఎఎం అంటే దాన్ని కదిలించింది స్నోమొబైల్ అని, అదే స్కీయర్ అయితే ఎఎస్ అని రాస్తారు. దాని వెంట ఉన్న ఆర్ అనే గుర్తుకు, తెగిన వాలు మీద బండి లేదు, బండి దూరంగా ఉండగానే వాలు తెగిందని అర్థం. డి2 అంటే ఒక మనిషిని పూడ్చేయగల, గాయపరచగల, చంపగల పరిమాణం. డి3 దగ్గరికి వచ్చేసరికి కారు పూడిపోతుంది, కట్టె ఇల్లు కూలిపోతుంది. చివరి ఓ అనే అక్షరం, ఆ చరియ కొత్తగా పడిన మంచులో కాకుండా పాత పొరలో తెగిందని చెబుతుంది. ఆ ఆర్, ఆ ఓ ఒకే పరిశీలనలో కలిసి కనబడితే మిగతా వివరం చదవకుండానే మర్నాటి ప్రయాణపు దారి మార్చుకోవడం మంచిది. చదును నేల మీద గానీ, ముప్పై డిగ్రీల కంటే తక్కువ వాలు మీద గానీ నడిచినా పైనున్న నిటారు వాలు తెగి మీదికి రాగలదన్న సమాచారం అందులో ఉంది.

కొత్తవాళ్లకు ఈ సంకేతాలు కొరుకుడు పడవు. ఈ సేవలో నాకు కనిపించిన మొదటి లోపం ఇది. పరిశీలన కింద రెండు ముక్కల్లో మామూలు మాటల వివరణ కూడా ఉంటే బాగుండేది. అయితే ఫొటోలు ఆ లోటును చాలావరకు పూడుస్తాయి. తెగిన చోట నిలువుగా మిగిలిన మంచు గోడ ఎత్తు ఎంత, స్కీ జాడలు దాని దాకా వచ్చి ఆగిపోయాయా, జారిన మంచు కింద చెట్ల మధ్యకు వెళ్లి పేరుకుందా అన్నవి ఫొటోలో ఒక్క చూపులో తెలిసిపోతాయి. కేంద్రం నిపుణులు రాసినవి వేరుగా గుర్తుపట్టవచ్చు. వాటిలో పొరల వర్ణన నమ్మదగ్గ స్థాయిలో ఉంటుంది. మామూలు జనం పొరలు చూడటానికి మంచులో గొయ్యి తవ్వి, పలకను చేత్తో తట్టి చేసిన పరీక్షల ఫలితాలను మాత్రం ఆచితూచి చదవాలి. ఒక గోతిలో పలక తెగకపోవడం పక్క గోతికి హామీ కాదు, అసలు చరియ తెగడానికి అనువైన చోట గొయ్యి తవ్వారో లేదో మనకు తెలియదు.

దీనికంటే పెద్ద లోపం వెబ్‌సైటుది కాదు, రాసేవాళ్లది. లవ్‌లాండ్ పాస్, బర్తూడ్ పాస్ వంటి కనుమల దగ్గర రోడ్డు పక్కనే కారు ఆపి స్కీయింగ్‌కు వెళ్లవచ్చు కాబట్టి అక్కడి నుంచి పరిశీలనలు కుప్పలుగా వస్తాయి. రాబిట్ ఇయర్స్, బఫెలో పాస్, గ్రాండ్ మేసా వైపు స్నోమొబైళ్ల మీద తిరిగేవాళ్లు ఒక్క పూటలో స్కీయర్ వారం రోజులకు కూడా చూడలేని లోయలు చూసి వస్తారు, కానీ రాసేది తక్కువ. మ్యాపు మీద ఖాళీగా కనిపించే చోటును చరియలు లేని చోటు అనుకోవడం ఈ సేవను వాడేవాళ్లు చేయగల అత్యంత ప్రమాదకరమైన పొరపాటు. తుపాను మధ్యలో పరిస్థితి ఇంకా విచిత్రంగా ఉంటుంది. చరియలు ఎక్కువగా తెగేది అప్పుడే, కానీ మబ్బు వల్ల ఏమీ కనబడదు, జనం కూడా బయటికి రారు, కాబట్టి పరిశీలనలు అతి తక్కువగా వచ్చేదీ అప్పుడే. తర్వాత ఆకాశం తేటపడిన శనివారం ఒక్కసారిగా వచ్చిపడే ఫొటోల్లో చాలా చరియలు మూడు నాలుగు రోజుల నాటివి. కనుక పరిశీలన రాసిన తేదీ కాకుండా చరియ తెగిన తేదీ వెతికి చూడాలి.

స్నోమొబైల్ వాళ్ల పరిశీలనలు ఇంకా ఎక్కువ కావాలని నేను అనడానికి మరో కారణం ఉంది. స్కీయర్ బరువు చాలావరకు పై పొరల్లోనే ఆగిపోతుంది, యంత్రం బరువు లోపలి పొరల దాకా దిగుతుంది. స్కీయర్లు ఇరవై మంది దిగినా తెగని వాలు ఒక స్నోమొబైల్‌కు తెగిందంటే లోతైన బలహీన పొర ఇంకా బతికే ఉందని, అంటే ఇంకా తెగగలదని తెలుస్తుంది, అది అందరికీ పనికొచ్చే సమాచారం. పైగా మోటారు మోతలో ప్రమాదానికి గుర్తయిన, కాలి కింద మంచు కుంగిన శబ్దం వాళ్లకు వినబడదు కాబట్టి, ఇతరులు విన్నదాన్ని చదవాల్సిన అవసరం కూడా వాళ్లకే ఎక్కువ.

పాత ప్రమాదాల నివేదికలు ఈ కేంద్రం అందించే వాటిలో అన్నిటికంటే మేలైనవి. 2013 ఏప్రిల్ 20న లవ్‌లాండ్ పాస్ దగ్గర షీప్ క్రీక్‌లో ఆరుగురి బృందం మీద చరియ పడి ఐదుగురు చనిపోయిన ఘటన నివేదిక అటువంటిది. లోతైన పాత పొర సమస్య అప్పటికే సూచనలో ఉంది, ఆ బృందానికీ తెలుసు. వాళ్లు వాలు కింద నడుస్తూ ఆ చరియను కదిలించారు. ఎవరినీ నిందించకుండా, ఏ నిర్ణయం తర్వాత ఏ నిర్ణయం తీసుకున్నారో పొడి మాటల్లో రాసిన ఆ తీరు నన్ను ఆకట్టుకుంది.

ఈ నిందించని ధోరణి మీదే మొత్తం వ్యవస్థ నిలబడి ఉంది. 2020 మార్చిలో ఐసెన్‌హవర్ రోడ్డు సొరంగం పైన ఇద్దరు స్నోబోర్డర్లు కదిలించిన చరియ కిందనున్న రోడ్డు మీద పడినప్పుడు, వాళ్లు తామంతట తాముగా కేంద్రానికి ఇచ్చిన హెల్మెట్ కెమెరా వీడియో తర్వాత వాళ్ల మీద కేసులో సాక్ష్యంగా మారింది. ఇలా జరిగితే ఇక జనం చూసింది చెప్పడం మానేస్తారన్న ఆందోళన అప్పట్లో గట్టిగానే వినబడింది. ఆ ఆందోళన సబబైనదేనని నేనంటాను. రోడ్డు మీద పడ్డ చరియకు బాధ్యత ఎవరిదన్నది వేరే ప్రశ్న. నిజాయితీగా రాసినవాడికి భయం పట్టుకుంటే మాత్రం మర్నాడు అటు వెళ్లే మరొకరికి ఆ కబురు అందదు.

మొత్తం మీద ఇది తప్పక వాడాల్సిన సేవ. సంకేతాల గజిబిజి తగ్గించి, స్నోమొబైల్ వాళ్లు ఫొటో, దిక్కు, ఎత్తు మాత్రం పంపినా సరిపోతుందన్న సంగతిని ఇంకా బాగా ప్రచారం చేస్తే మరింత పదునెక్కుతుంది. వాడేవాళ్లకు రెండు సూచనలు: కొండల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి ముందు రోజు రాత్రే చదివి అవసరమైనవి ఫోన్‌లో దాచుకోండి, క్రెస్టెడ్ బ్యూట్ చుట్టుపక్కలకు వెళుతుంటే అక్కడి స్థానిక అవలాంచ్ కేంద్రం విడిగా పెట్టే పరిశీలనలు కూడా చూడండి.