గాయం తర్వాత మళ్లీ డ్యూటీకి: వీడియోలో ఫిజియోనా, క్లినిక్‌కి వెళ్లడమా?

పనిలో భుజమో నడుమో దెబ్బతిన్నవాళ్లకి మొదటి చిక్కు ప్రయాణమే. నడుం నొప్పితో గంటసేపు కుదుపుల్లో కూర్చుని క్లినిక్‌కి వెళ్తే, అక్కడ తగ్గిన నొప్పి దారిలో మళ్లీ తిరగబెడుతుంది. ఈ ఒక్క విషయంలో వీడియో ఫిజియోకి, అంటే వీడియో కాల్‌లో ఫిజియోథెరపిస్టు చూస్తూ చేయించే వ్యాయామానికి, సాటి లేదు. మోకీలు మార్పిడి ఆపరేషన్ తర్వాత జరిపిన అధ్యయనాల్లోనూ, ఇంటి నుంచే వీడియోలో వ్యాయామం చేసినవాళ్లు క్లినిక్‌కి వెళ్లినవాళ్లతో దాదాపు సమానంగా కోలుకున్నారు.

ఇంకో లాభం చాలామందికి తట్టదు. ఫోన్‌ని ఓ పక్కన నిలబెట్టి, పనిలో రోజూ ఎత్తే పెట్టెనే ఎత్తి చూపిస్తే, "నడుం వంచకండి, మోకాళ్లు మడవండి, పెట్టె ఒంటికి దగ్గరగా పట్టుకోండి" అని ఫిజియో అప్పటికప్పుడే సరిచేస్తారు. క్లినిక్‌లో ఆ పెట్టె ఉండదు కదా!

కానీ చెయ్యి వేసి చూడటం స్క్రీన్ మీద అయ్యే పని కాదు. బిగుసుకుపోయిన భుజాన్ని మెల్లగా కదుపుతూ, ఎక్కడ పట్టేస్తోందో ఫిజియో వేళ్లతోనే పసిగడతారు. కెమెరాలో చెయ్యి బాగానే లేచినట్టు కనిపిస్తుంది; నిజానికి మీరు భుజాన్ని చెవి దాకా ఎగరేసి లేపుతున్నారేమో. బరువులెత్తే పనికి వెళ్లే ముందు చేసే సామర్థ్య పరీక్ష కూడా నేరుగా చేయించుకోవడమే మేలు. నడుం నొప్పితో పాటు కాళ్లు తిమ్మిరెక్కినా, మూత్రం మీద అదుపు తప్పినా ఈ రెండూ కాదు, వెంటనే ఆసుపత్రికే.

నన్నడిగితే మొదటి పరీక్ష, చివరి పరీక్ష క్లినిక్‌లో, మధ్య వారాలన్నీ వీడియోలో. వ్యాయామం రేపటికి వాయిదా వేసే అలవాటుంటే మాత్రం క్లినిక్ అపాయింట్‌మెంటే నయం.