ర్యాంపు మీద కొత్త కాంక్రీటు సరిగ్గా వేశారా: తట్టి చూడటం మేలా, ల్యాబ్ టెస్టు మేలా?

గేటు నుంచి పోర్టికో దాకా పాత కాంక్రీటు మీద రెండంగుళాల కొత్త పొర వేసేసి, కాంట్రాక్టరు ఫైనల్ పేమెంట్ అడుగుతున్నాడు. పైకి నున్నగానే ఉంది, కానీ నునుపు చూసి పని తేల్చలేం. చూసుకోడానికి మూడు దారులున్నాయి: మనమే తట్టి, నీళ్లు పోసి చూడటం, ఇంజనీరుతో రీబౌండ్ హ్యామర్ (స్ప్రింగు దెబ్బ ఎంత వెనక్కి ఎగిరిందో చూపే పరికరం) పెట్టించడం, కోర్ (యంత్రంతో కోసి తీసే గుండ్రటి కాంక్రీటు ముక్క) తీయించి ల్యాబ్‌కి పంపడం. నా ఓటు మొదటిదానికే. ఖర్చు లేదని కాదు, ఇలాంటి పల్చటి పని ఎక్కడ చెడుతుందో సరిగ్గా అక్కడే అది పట్టుకుంటుంది.

రెండంగుళాల పొరలో ముందు చూడాల్సింది బలం కాదు, కింది పొరతో పట్టు. పాతదాన్ని చిప్పింగ్ చేసి (గాట్లు కొట్టి గరుకు చేసి), దుమ్ము పోయేలా కడిగి, సిమెంటు పాలు పోసి, అవి ఆరకముందే కాంక్రీటు మాలు వెయ్యాలి. చిప్పింగ్‌కి కూలీ ఎక్కువవుతుందని చాలామంది పైపైన చీపురుతో ఊడ్చి వేసేస్తారు. అది కొన్నాళ్లు బాగానే ఉండి, కారు చక్రం తిరిగే చోట పెచ్చులుగా లేస్తుంది. దీన్ని పట్టాలంటే పొద్దున్నే, వీధిలో హారన్లు మొదలవ్వకముందు, చిన్న సుత్తి తీసుకుని జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ వెళ్లండి. పట్టు ఉన్నచోట ఖంగుమంటుంది, లేనిచోట డొల్లగా పలుకుతుంది. అంచులు, జాయింట్ల మూలలు ముందు చూడండి, డొల్ల ఉన్నచోటల్లా సుద్దముక్కతో గీత గీసి ఫొటో తీసుకోండి. పెద్ద వంతెనల మీద కూడా ఇంజనీర్లు గొలుసు ఈడ్చి ఇదే శబ్దం వింటారు, కాబట్టి మేస్త్రీ నవ్వినా పట్టించుకోవద్దు.

మందం సంగతి ఇంకా తేలిక. పోర్టికో మెట్టు ఎత్తు పని ముందు కొలిచి ఉంటే, ఇప్పుడు ఎంత తగ్గిందో దాదాపు అంతే మందం పడినట్టు (చిప్పింగ్‌లో పోయింది కాస్త కలుపుకోండి). ముందు కొలవకపోతే కాంపౌండ్ గోడ మీద పాత మట్టం తాలూకు మరక ఎక్కడైనా దొరుకుతుందేమో చూడండి.

తర్వాత నీళ్లు. విశాఖలో దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు, ఎందుకంటే పాత కాలనీల్లో రోడ్డు మీద రోడ్డు వేసి వేసి ఇళ్లే పల్లమైపోయాయి, పైగా కొండవాలు వీధులు చాలా, వాటం లోపలికి ఉంటే అక్టోబరు తుఫాను వాన నేరుగా పోర్టికోలోకి వచ్చేస్తుంది. పది అడుగులకి కనీసం అంగుళంపావు వాటం ఉండాలి, అదీ కాలవ వైపుకి. రోడ్డే ఎత్తుగా ఉంటే గేటు దగ్గర జాలీ పెట్టిన అడ్డ కాలవ తప్పదు. నాలుగు బకెట్లు పోసి, నీళ్లు పారిపోయాక ఎక్కడైనా రూపాయి బిళ్ల మునిగేంత నిలిచిందంటే అక్కడ లెవెల్ తప్పినట్టే.

ఇక రీబౌండ్ హ్యామర్. ఇంజనీరు వచ్చి పది చోట్ల టక్‌టక్ కొట్టి అంకె చెబితే మనకి ధైర్యంగానే ఉంటుంది. కానీ అది చెప్పేది పైచర్మం గట్టితనం మాత్రమే, అందులోంచి బలాన్ని అంచనా వేసేటప్పుడు 25 శాతం అటూ ఇటూ తేడా రావచ్చని భారత ప్రమాణమైన ఐఎస్ కోడే ఒప్పుకుంటుంది. ఎం20 (బలం 20 మెగాపాస్కల్ ఉండాల్సిన గ్రేడు) అనుకున్నది 15 కావచ్చు, 25 కావచ్చు. ఉపరితలం తడిగా ఉంటే అంకె ఇంకా తగ్గుతుంది. నా దృష్టిలో చిన్న ర్యాంపుకి ఇది దండగ. అంతకంటే తాళంచెవితో గట్టిగా గీకి చూడండి. తెల్లపొడి రాలితే నీళ్లు ఎక్కువ కలిపారో, ఫినిషింగ్‌కి పొడి సిమెంటు చల్లారో, క్యూరింగ్ (గట్టిపడేదాకా తడి ఉంచడం) ఎగ్గొట్టారో, ఏదో ఒకటి. సముద్రపు తేమ ఉంది కదా అని ఇక్కడ క్యూరింగ్ తగ్గించేస్తారు. గాలి తేమ దానికి చాలదు. పీపీసీ (ఫ్లైయాష్ లాంటివి కలిపింది), స్లాగ్ (ఇనుప కొలిమి మడ్డి కలిపింది) సిమెంటులకి కనీసం పది రోజులు తడి ఉంచాలన్నది కోడ్ మాట.

కోర్ టెస్టు గట్టి సాక్ష్యమే. మూడు కోర్లు తీసి, సగటు బలం అనుకున్న గ్రేడులో 85 శాతం, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదని కాంక్రీటు పనుల కోడ్ ఐఎస్ 456 చెబుతుంది. చిక్కేంటంటే, కోర్ పొడవు కనీసం దాని వెడల్పంత ఉంటేగానీ నొక్కి బలం చెప్పలేరు, రెండంగుళాల పొరలోంచి నాలుగంగుళాల వెడల్పు కోర్ తీస్తే ల్యాబ్‌వాళ్లకి పనికిరాదు. మందం, పట్టు మాత్రం కంటికి స్పష్టంగా కనిపిస్తాయి, ఆ పని కోసమైతే ఒక్క కోర్ చాలు. పాతది మొత్తం పగలగొట్టి ఐదారు అంగుళాల మందంతో కొత్తగా వేయించి, డబ్బు గొడవ పెద్దదైతే అప్పుడు మూడు కోర్లకీ అర్థం ఉంది. ఇంకా పని మొదలవ్వనివాళ్లయితే పోసే రోజునే క్యూబులు (అదే మాలుతో పోసిన నమూనా దిమ్మలు) తీయించుకోండి, 28 రోజుల రిపోర్టు ఇంతకంటే చవకగా, తిరుగులేకుండా చెబుతుంది.

సుత్తికి డొల్లలు దొరికితే కాంట్రాక్టరు పైన స్లరీ (సిమెంటు పాలు) పూసి కప్పేస్తానంటాడు, ఒప్పుకోవద్దు. కారు చక్రం వెళ్లే దారిలో ఉన్నదాన్ని చతురస్రంగా కట్టర్‌తో కోసి, కింద గాట్లు కొట్టి మళ్లీ పోయాల్సిందే. గోడ మూల అరచేయంత డొల్ల అయితే వదిలేయొచ్చు. బిల్లులో పదోవంతు మాత్రం ఆ ముక్కలు ఆరి, ఒక పెద్ద వాన పడేదాకా మీ దగ్గరే ఉంచండి.