పట్టుచీరకు చిమ్మట పడితే: కలరా ఉండలా, ఫ్రీజరా?

చీరను కొరికేది ఎగిరే చిమ్మట కాదు, దాని పిల్ల పురుగు. ఉన్ని దానికి మొదటి తిండి. పట్టులో చెమట, నూనె మరకలున్న చోట పడుతుంది. నూలు జోలికి సాధారణంగా రాదు.

కలరా ఉండలు చవక, శ్రమ లేదు. కానీ ఆవిరి చిక్కగా నిండితేనే పురుగు చస్తుంది. బీరువాలో అది సందుల్లోంచి పోతుంది, వాసన మనకు, చీర పురుగుకు. గట్టిగా మూతపడే డబ్బా అయితే పనిచేస్తాయి. ఉండలను గుడ్డలో కట్టి, చీరకు తగలకుండా పెట్టాలి. పసిపిల్లలున్న ఇంట్లో మాత్రం వద్దే వద్దు: జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం పుట్టుకతో ఉన్న బిడ్డకు, ఆ ఉండల మధ్య దాచిన బట్టల వల్ల కూడా ఎర్ర రక్తకణాలు పగిలిపోవచ్చు.

ఫ్రీజర్‌లో విషం లేదు, గుడ్లు కూడా చస్తాయి. పొడి చీరను వదులుగా మడిచి, పాలిథిన్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచాలి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లోని ఐసు అర చాలాసార్లు అంత చల్లబడదు. బయటికి తీశాక ఒక రోజు సంచి విప్పకండి, లేకపోతే తేమ పట్టుకి చేరి మరకలవుతాయి. లోపం ఒక్కటే: మళ్లీ పురుగు పట్టకుండా ఇది ఆపదు.

పురుగు కనిపించాక నా ఓటు ఫ్రీజర్‌కే. ఆలోపు బీరువా మూలలు, అరల సందులు వాక్యూమ్ చేయండి. ఉతికించిన చీరనే లోపల పెట్టండి.