1959లో రెండు దారులు: ఈస్ట్ బే డ్రాగన్స్, చోజెన్ ఫ్యూ

అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ 1924లో పుట్టింది. 1950ల దాకా నల్లవారికి సభ్యత్వం ఇవ్వలేదు. ఆ సభ్యత్వ కార్డు లేనిదే సంస్థ ఆమోదించిన పందేల్లో దిగే వీలుండేది కాదు. అంటే బండి ఎంత బాగా నడిపినా గేటు దగ్గరే ఆగిపోవాలి. ఇది పచ్చి అన్యాయం. 1959లో కాలిఫోర్నియాలో మొదలైన రెండు క్లబ్బుల్ని ఈ నేపథ్యంలోనే చూడాలి.

ఓక్లాండ్‌లో టోబీ జీన్ లెవింగ్‌స్టన్ నడిపిన ఈస్ట్ బే డ్రాగన్స్ మొదట కార్ల క్లబ్బు, తర్వాత బైకులకు మారింది. అందరూ నల్లవారే, అందరూ మగవారే, అందరివీ హార్లే-డేవిడ్‌సన్లే. ఒకే కంపెనీ బండ్లనడం వట్టి డాబు కాదు. హార్లే బోల్టులకు అంగుళాల కొలత పానాలు పడతాయి, అప్పటి బ్రిటిష్ బండ్లకు చాలాచోట్ల విట్‌వర్త్ అనే వేరే బ్రిటిష్ కొలతవి కావాలి. తప్పు పానా వేస్తే బోల్టు తల అరిగిపోతుంది. అందరివీ హార్లేలైతే దారిలో ఎవరి బండి ఆగినా పక్కవాడి పనిముట్లు పనికొస్తాయి.

లాస్ ఏంజెలెస్‌లోని చోజెన్ ఫ్యూ కూడా నల్లవారు పెట్టిందే. అయితే 1960లోనే ఒక తెల్లవాణ్ణి చేర్చుకుంది, ఆపై ఇతర జాతులవారూ వచ్చారు. వెలివేసినవారు కాదు, వెలికి గురైనవారే ముందుగా తలుపు తీశారు. నా దృష్టిలో ఇదే ఎక్కువ సాహసం.

డ్రాగన్స్‌ది కూడా తక్కువ సాహసమేమీ కాదు. 1957 నుంచి ఓక్లాండ్‌లోనే తెల్లవారి బైకు క్లబ్బు హెల్స్ ఏంజెల్స్ శాఖ ఉండేది. దాని నాయకుడు సోనీ బార్గర్‌కూ లెవింగ్‌స్టన్‌కూ స్నేహం కుదిరింది. సభ్యత్వాలు మాత్రం కలవలేదు.